నిల్వ ఉన్న పాస్‌వర్డు చెల్లనప్పుడు గిట్ ఏం చెబుతుంది?



బీదరులోని గురునానక్ దేవ్ ఇంజినీరింగ్ కళాశాలలో గాని, భాల్కిలోని భీమణ్ణ ఖండ్రే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో గాని కంప్యూటర్ సైన్సు చదివే మన పిల్లలు బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తారు. ఆ విశ్వవిద్యాలయం 2022 స్కీములో మూడో సెమిస్టరుకు ఎంచుకోగల ల్యాబులలో 'ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ విత్ గిట్' అనేది ఒకటి. కోర్సు కోడు బి.సి.ఎస్. 358 సి. క్రెడిట్ ఒక్కటే అయినా మార్కులు నూరు. అందులో 50 తరగతి పనికి, 50 సెమిస్టరు చివరి పరీక్షకు. ఆ తరువాత చివరి ఏడాది ప్రాజెక్టుకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకు కూడా ఈ గిట్ అనే సాఫ్ట్‌వేరుతోనే పని. కాబట్టి ఈ పాఠం ఒక్క సెమిస్టరుకు పరిమితమైనది కాదు.

గిట్ అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం ఒక మాట. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఎలాగో, ప్రోగ్రాము రాసేవాళ్లకు గిట్ అలాంటిది. ఏ రోజు, ఎవరు, ఏ ఫైలులో, ఏం మార్చారు అన్నది వరుసగా నమోదు అవుతుంది. పాత పుటకు ఎప్పుడైనా వెనక్కి వెళ్లవచ్చు. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీనిని మొదలుపెట్టారు. ఈ ఖాతా పుస్తకపు నకలు ఒకటి మన కంప్యూటరులో, మరొకటి గిట్‌హబ్ వంటి సర్వరులో ఉంటుంది. మన దగ్గరున్నది సర్వరుకు పంపడాన్ని పుష్ అంటారు. అందరికీ తెరిచి ఉంచిన ఖాతాను చదువుకోవడానికి పాస్‌వర్డు అక్కరలేదు. పుష్ చేయడానికి మాత్రం నువ్వెవరో చెప్పాలి.

మన పిల్లలు తట్టుకుని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. క్లోన్ అయింది, కమిట్ అయింది, పుష్ దగ్గర కంప్యూటరు ఒప్పుకోలేదు. తెర మీద నాలుగు లైన్ల ఇంగ్లిషు వచ్చింది. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, ఉర్దూ, హిందీ, పుస్తకంలో ఇంగ్లిషు. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్లవాడు ఆ నాలుగు లైన్లను మాత్రం చదవడు. 'ఎర్రర్ వచ్చింది సార్' అని చెయ్యెత్తుతాడు. ఆ లైన్లలో జవాబు చాలాసార్లు సగం దాకా ఉంటుంది. మిగిలిన సగం గిట్ చెప్పదు. చెప్పిన సగాన్ని ఎలా చదవాలో, చెప్పని సగాన్ని ఎలా ఊహించాలో ఈ పాఠంలో చూద్దాం.

ఒక గమనిక. ఆదేశాలను, సందేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటరులో వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టాలి.

గుర్తుపెట్టుకునేది ఎవరు?

ప్రతిసారీ పేరు, పాస్‌వర్డు కొట్టడం విసుగు. అందుకని ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ వాటిని దాచిపెట్టే ఏర్పాటు చేసుకున్నాయి. పాతకాలపు సి.వి.ఎస్. వాటిని ఒక ఫైలులో కొద్దిగా అక్షరాలు తారుమారు చేసి పెట్టేది. తెలిసినవాడు నిమిషంలో విప్పేయగలడు. సబ్‌వెర్షన్ చాలాకాలం పాస్‌వర్డును ఉన్నదున్నట్టు రాసి పెట్టేది. 2009లో వచ్చిన 1.6 వెర్షను నుంచి యూనిక్స్ కంప్యూటర్ల మీద 'మామూలు అక్షరాలలోనే దాచమంటారా?' అని ముందుగా అడగడం మొదలుపెట్టింది. అలా అడగడమే ఒక మంచి సూచన.

గిట్‌లో ఈ పనికి క్రెడెన్షియల్ హెల్పర్ అనే సహాయకుడు ఉంటాడు. జెఫ్ కింగ్ రూపొందించిన ఈ ఏర్పాటు 2012 జనవరిలో వచ్చిన 1.7.9 వెర్షనుతో గిట్‌లోకి వచ్చింది. సహాయకుడికి తెలిసిన పనులు మూడే: అడిగితే తెచ్చి ఇవ్వడం, దాచమంటే దాచడం, చెరిపేయమంటే చెరిపేయడం. దాచమని గిట్ చెప్పేది సర్వరు ఆ పాస్‌వర్డును ఒప్పుకున్నాకనే. చెరిపేయమని ఎప్పుడు చెబుతుంది అన్నది కాసేపట్లో చూస్తాం. ఈ పాఠానికి కీలకం అదే.

సహాయకులలో రకాలు ఉన్నాయి. క్యాష్ అనేది మెమరీలో మాత్రమే పెట్టుకుంటుంది. వేరే ఏమీ చెప్పకపోతే 900 సెకన్లు, అంటే పావుగంట, అయ్యాక మరిచిపోతుంది. స్టోర్ అనేది ఒక ఫైలులో మామూలు అక్షరాలలో రాసి పెడుతుంది, ఎన్నటికీ మరిచిపోదు. విండోస్ కంప్యూటర్లలో గిట్ క్రెడెన్షియల్ మేనేజర్ అనేది విండోస్ వారి సొంత భద్రపు పెట్టెలో దాస్తుంది. ఆపిల్ కంప్యూటర్లలో కీచెయిన్ ఉంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. విండోస్ భద్రపు పెట్టె ఆ విండోస్ లాగిన్‌కు చెందుతుంది, కుర్చీలో కూర్చున్న మనిషికి కాదు. ల్యాబులో అందరూ ఒకే లాగిన్‌తో కంప్యూటరు తెరిస్తే అందరి పెట్టె ఒకటే. పైగా గిట్ మామూలుగా సర్వరు చిరునామాను మాత్రమే చూస్తుంది, అందులో ఏ ఖాతా అన్నది చూడదు. గిట్‌హబ్ అంటే గిట్‌హబ్, అంతే. పొద్దున బ్యాచిలో కూర్చున్న అబ్బాయి తన ప్రాజెక్టు పుష్ చేసి వెళ్లాడనుకోండి. అతని తాళంచెవి పెట్టెలో ఉండిపోయింది. మధ్యాహ్నం బ్యాచిలో అదే కుర్చీలో మీ అమ్మాయి కూర్చుంది. ఆమె పుష్ అనగానే గిట్ ఆమెను ఏమీ అడగకుండా ఆ అబ్బాయి తాళంచెవి తీసుకుని సర్వరు తలుపు తట్టింది.

మూడు రకాల తిరస్కారాలు

సర్వరు ఎందుకు ఒప్పుకోలేదో తెలియాలంటే సందేశంలోని అంకెను, మాటను పట్టుకోవాలి.

మొదటిది 401. 'నువ్వు చెప్పిన పేరు, పాస్‌వర్డు నాకు సరిపోలేదు' అని దీని అర్థం. గిట్ ఈ అంకెను చూపకుండా 'ఫేటల్: అథెంటికేషన్ ఫెయిల్డ్ ఫర్' అని రాసి పక్కన చిరునామా ఇస్తుంది. పాస్‌వర్డు నిల్వలోంచి వచ్చినదైతే ఇక్కడ తెర వెనుక ఒక పని జరుగుతుంది. గిట్ సహాయకుడిని పిలిచి, ఇది చెల్లలేదు, చెరిపేయి అంటుంది. చెరిపించి, మిమ్మల్ని కొత్తది అడగకుండా, అక్కడికక్కడే ఆగిపోతుంది. మళ్లీ అదే ఆదేశం ఇస్తే ఈసారి పెట్టె ఖాళీ కనుక పేరు, పాస్‌వర్డు అడుగుతుంది.

'మొదటిసారి రాలేదు, రెండోసారి ఎందుకో వచ్చింది' అని పిల్లలు చెప్పుకునే వింత వెనుక ఉన్నది ఇదే. అదృష్టమూ కాదు, నెట్ బాగుపడటమూ కాదు. పాత పాస్‌వర్డు మొదటి దెబ్బకు పోయింది, అంతే. గిట్ సందేశంలో నాకు నచ్చని లోపం కూడా ఇదే. చెల్లనిది మీరు ఇప్పుడు కొట్టినది కాదు, పాతది, నిల్వలోంచి తెచ్చినది అని చెప్పదు. దాన్ని చెరిపేశాను, మళ్లీ ప్రయత్నించండి, అడుగుతాను అనీ చెప్పదు. ఆ రెండు వాక్యాలు ఉంటే ఎన్ని ల్యాబుల్లో ఎన్ని గంటలు మిగిలేవో!

ఒక మినహాయింపు ఉంది. కొందరు పిల్లలు తొందరలో రిమోట్ చిరునామాలోనే టోకెన్‌ను ఇరికించి రాసేస్తారు. అది సహాయకుడి పెట్టెలో లేదు కాబట్టి చెరిపేసేవారు లేరు. ఎన్నిసార్లు కొట్టినా అదే తిరస్కారం వస్తుంది. గిట్ రిమోట్ హైఫన్ వి అని కొట్టి చిరునామాను చూస్తే తెలిసిపోతుంది.

రెండోది 403. 'నువ్వెవరో నాకు తెలుసు. కానీ ఈ ఖాతాలో రాయడానికి నీకు అనుమతి లేదు' అని దీని అర్థం. పొద్దున అబ్బాయి తాళంచెవితో మధ్యాహ్నం అమ్మాయి తట్టినప్పుడు వచ్చేది ఇదే. గిట్‌హబ్ ఇక్కడ చాలా మంచి వాక్యం ఒకటి పంపుతుంది. 'పర్మిషన్ టు' అని, ఫలానా ఖాతా పేరు చెప్పి, 'డినైడ్ టు' అని, ఫలానా మనిషి పేరు చెబుతుంది. పిల్లలందరికీ నేను చెప్పేది ఒక్కటే: 'డినైడ్ టు' తరువాత ఉన్న పేరు చదవండి. అది మీ పేరేనా? కాకపోతే మీ పాస్‌వర్డులో తప్పేమీ లేదు, దాన్ని ఎవరూ అడగనేలేదు. పెట్టెలో ఇంకెవరిదో తాళంచెవి ఉంది.

అసలు చిక్కు ఏమిటంటే 403 వచ్చినప్పుడు గిట్ పెట్టెను ఖాళీ చేయదు. ఆ తాళంచెవి నిజమైనదే, దాని యజమాని సొంత ఖాతాకు చెల్లుతుంది, ఎందుకు చెరపాలి? గిట్ వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కూర్చున్న అమ్మాయి వైపు నుంచి చూస్తే అది గోడ. రెండుసార్లు కాదు, ఇరవైసార్లు కొట్టినా పాస్‌వర్డు అడగదు.

అప్పుడు పిల్లలు చేసే పని మరొకటుంది. గిట్ కాన్ఫిగ్‌లో యూజర్ డాట్ నేమ్, యూజర్ డాట్ ఈమెయిల్ మార్చి మళ్లీ ప్రయత్నిస్తారు. దానివల్ల లాభం లేదు. ఆ రెండూ ఖాతా పుస్తకంలో 'రాసినవారు' అన్న చోట పడే సంతకం మాత్రమే. తలుపు తెరిచే తాళంచెవితో వాటికి సంబంధం లేదు. ఇంటి ముందు నేమ్‌ప్లేటు మార్చినంత మాత్రాన తాళం మారదు కదా.

చేయవలసింది పెట్టె తెరవడం. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోకి, యూజర్ అకౌంట్స్‌లోకి, క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి, విండోస్ క్రెడెన్షియల్స్ అన్నచోట నొక్కండి. గిట్ అనే మాటతో మొదలై గిట్‌హబ్ చిరునామాతో ముగిసే పద్దు ఒకటి కనిపిస్తుంది. దాన్ని తెరిచి రిమూవ్ అనండి. లినక్సులో స్టోర్ వాడుతుంటే హోమ్ ఫోల్డరులో డాట్ గిట్ హైఫన్ క్రెడెన్షియల్స్ అనే ఫైలులో ఆ లైను తీసేయాలి. క్యాష్ వాడుతుంటే గిట్ క్రెడెన్షియల్ హైఫన్ క్యాష్ ఎగ్జిట్ అని కొడితే చాలు. ఏ సహాయకుడు పనిచేస్తున్నాడో తెలియకపోతే గిట్ కాన్ఫిగ్ ఆదేశానికి షో ఆరిజిన్, గెట్ ఆల్ అనే ఎంపికలు చేర్చి క్రెడెన్షియల్ డాట్ హెల్పర్ గురించి అడగండి. సహాయకుడి పేరుతో పాటు, ఆ సంగతి ఏ ఫైలులో రాసి ఉందో కూడా చెబుతుంది.

విండోస్‌లో ఇంకొక మెలిక. పెట్టె ఖాళీ అయ్యాక క్రెడెన్షియల్ మేనేజర్ ఇంటర్నెట్ బ్రౌజరు తెరిచి, గిట్‌హబ్‌కు అనుమతి ఇమ్మంటుంది. ఆ బ్రౌజరులో పొద్దున అబ్బాయి గిట్‌హబ్ లాగిన్ ఇంకా తెరిచే ఉంటే? మీరు ఆకుపచ్చ బటను నొక్కగానే మళ్లీ అతని తాళంచెవే పెట్టెలోకి వస్తుంది. బ్రౌజరులో కుడివైపు పైమూల ఎవరి బొమ్మ ఉందో చూసి, ముందు సైన్ అవుట్ చేయండి.

మూడోది 404. 'రిపాజిటరీ నాట్ ఫౌండ్' అంటుంది. ఇది విచిత్రమైనది. ఆ ఖాతా నిజంగా లేకపోవచ్చు, చిరునామాలో అక్షరం తప్పి ఉండవచ్చు. కానీ అది ప్రైవేటు ఖాతా అయి, మీరు వాడిన తాళంచెవికి అందులో ప్రవేశం లేకపోయినా గిట్‌హబ్ ఇదే మాట అంటుంది. 'ఉంది గాని నీకు అనుమతి లేదు' అంటే, ఉన్నదన్న రహస్యం బయటపడినట్టే కదా. కాబట్టి స్నేహితుడి కంప్యూటరులో తెరుచుకున్న ప్రాజెక్టు మీ దగ్గర 'లేదు' అంటే, చిరునామాతో పాటు పెట్టెను కూడా అనుమానించాలి.

2021 ఆగస్టు 13

ఆ రోజు నుంచి గిట్‌హబ్ తన వెబ్‌సైటు పాస్‌వర్డును గిట్ పనులకు ఒప్పుకోవడం మానేసింది. ముందు ఏడాది డిసెంబరులోనే ప్రకటించింది. అయినా ఎవరు చదువుతారు? ఆ రోజు నుంచి పుష్ చేసిన వాళ్లకు, పాస్‌వర్డు విధానాన్ని ఆగస్టు 13, 2021న తొలగించాం, దాని బదులు పర్సనల్ యాక్సెస్ టోకెన్ వాడండి అనే సందేశం వచ్చింది. వివరాలకు చిరునామా కూడా ఇచ్చారు. ఏం మారింది, ఎప్పుడు మారింది, ఏం చేయాలి అనే మూడు సంగతులూ ఉన్నాయి. మంచి సందేశమే.

అయినా వేలమంది తికమకపడ్డారు. కొందరికి ఆ సందేశం కింద 403 అనే అంకె వచ్చింది. 403 వస్తే పెట్టె ఖాళీ కాదని చెప్పుకున్నాం. వాళ్లు టోకెన్ తయారు చేసుకుని చేతిలో పట్టుకుని కూర్చున్నారు గాని, దాన్ని ఎక్కడ కొట్టాలో తెలియలేదు. గిట్ అడిగితేగా! పెట్టెలోని పాత పాస్‌వర్డును తీసుకెళ్లి మళ్లీ మళ్లీ తిప్పికొట్టించుకుంటూ ఉండిపోయింది. సర్వరు చెప్పగలిగినది సర్వరు చెప్పింది. కానీ మీ కంప్యూటరులో ఏం దాగి ఉందో సర్వరుకు తెలియదు. అది చెప్పవలసినది మీ దగ్గరున్న గిట్.

టోకెన్ అంటే ఒక పొడవాటి అక్షరాల మాల. పాస్‌వర్డు అడిగిన చోట దీన్ని అతికించాలి. అతికించినప్పుడు తెర మీద చుక్క కూడా కనిపించదు, కంగారు పడవద్దు, లోపలికి వెళ్తూనే ఉంటుంది. గడువు పెట్టుకోవచ్చు. ఏ పనులకు చెల్లుతుందో కూడా ముందే నిర్ణయించవచ్చు. ఈ సౌకర్యాలే తరువాత తిరస్కారాలకు కారణమవుతాయి. గడువు ముగిసిన టోకెన్ పెట్టెలో ఉంటే 'అథెంటికేషన్ ఫెయిల్డ్'. ఏడాది పాటు వాడని టోకెన్‌ను గిట్‌హబ్ తానే తీసేస్తుంది. టోకెన్‌ను ప్రోగ్రాములో రాసి, ఆ ప్రోగ్రామును అందరికీ కనిపించే ఖాతాలో పెట్టినా గిట్‌హబ్ పసిగట్టి ఆ టోకెన్‌ను రద్దు చేస్తుంది. నిన్న పనిచేసినది ఈ రోజు పనిచేయలేదంటే ముందు టోకెన్ల పుటకు వెళ్లి అది బతికి ఉందో లేదో చూడాలి. 2023 మార్చిలో వచ్చిన గిట్ 2.40లో టోకెన్‌తో పాటు దాని గడువును కూడా సహాయకుడు గిట్‌కు చెప్పే వీలు కల్పించారు. గడువు దాటినదాన్ని తీసుకుని సర్వరు దాకా వెళ్లి తిరిగి రావడం దీనివల్ల తప్పుతుంది.

గవాన్ ముద్ర

బీదరు పిల్లలకు మహమూద్ గవాన్ మదరసా చూపించనక్కరలేదు. 1472లో పూర్తయిన ఆ కట్టడం ముందునుంచి రోజూ బస్సుల్లో వెళ్తుంటారు. కట్టించినవాడి చావు కథ మాత్రం మళ్లీ చెప్పుకోవాలి. బహమనీ రాజ్యానికి మంత్రి అయిన గవాన్ అంటే గిట్టనివాళ్లు, ఆయన ముద్రలు భద్రపరిచే మనిషిని లోబరుచుకుని ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారని ఫెరిష్తా రాశాడు. ఆ కాగితం మీద, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టుగా ఒక లేఖ రాసి సుల్తాను మూడో మహమ్మద్ షాకు చూపించారు. ముద్ర నాదే, లేఖ నాది కాదు అన్నాడు గవాన్. సుల్తాను వినలేదు. 1481 ఏప్రిల్‌లో ఆ వృద్ధుడి తల తీయించాడు. నిజం తెలిసి కుమిలిపోయిన సుల్తాను మరుసటి ఏడే పోయాడు.

సుల్తాను చూసింది ముద్ర అసలుదా కాదా అన్నది ఒక్కటే. అది అసలుదే. సర్వరు కూడా అంతే, తాళంచెవి అసలుదా అని చూస్తుంది, ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. ల్యాబు పెట్టెలో వదిలి వచ్చిన టోకెన్ అంటే ముద్ర వేసిన ఖాళీ కాగితం. దానితో తరువాతి మనిషి మీ ప్రాజెక్టును చెరిపేసినా ఆ పని మీ పేరు మీదే నమోదవుతుంది. తెలిసి చేయనక్కరలేదు, పొరపాటున చేసినా ఫలితం అదే.

అందుచేత ల్యాబు నుంచి లేచే ముందు పెట్టెలో మీ పద్దు తీసేయండి, బ్రౌజరులో సైన్ అవుట్ చేయండి. మరిచిపోయి ఇంటికి వచ్చేస్తే వెనక్కి పరుగెత్తనక్కరలేదు. టోకెనైతే ఫోనులోంచే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో డెవలపర్ సెట్టింగ్స్‌కు వెళ్లి దాన్ని డిలీట్ చేయవచ్చు. బ్రౌజరు ద్వారా అనుమతి ఇచ్చి ఉంటే అదే సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ అన్నచోట గిట్ క్రెడెన్షియల్ మేనేజర్‌కు ఇచ్చిన అనుమతిని రద్దు చేయాలి. అప్పుడు ల్యాబు పెట్టెలో మిగిలింది చెల్లని కాగితమే. అందరూ వాడే కంప్యూటరు అయితే స్టోర్ వద్దు, క్యాష్ చాలు. పావుగంట తరువాత మళ్లీ కొట్టాల్సి వస్తే వచ్చింది. ఖాతా చిరునామాలో సర్వరు పేరుకు ముందు మీ గిట్‌హబ్ పేరు, ఆ తరువాత ఎట్ గుర్తు చేర్చితే గిట్ ఆ పేరుకు చెందిన తాళంచెవినే వెతుకుతుంది, ఇంకొకరిది తీసుకోదు. ఇది చాలా చిన్న పని. అయినా ఎక్కువమందికి తెలియదు.

మీరు రాసే ప్రోగ్రాములో

మూడో సెమిస్టరులో ఎర్రర్లు చదివేవాళ్లే ఏడో సెమిస్టరుకు వచ్చేసరికి ఎర్రర్లు రాసేవాళ్లు అవుతారు. హాస్టలు మెస్ లెక్కలకో, లైబ్రరీకో ప్రాజెక్టు చేస్తారు. లాగిన్ కుదరకపోతే ఏం చూపించాలి? చాలా ప్రాజెక్టులలో 'ఎర్రర్' అన్న ఒక్క మాట ఉంటుంది. అది చూసి మెస్ గుమాస్తా ఏం చేయగలడు?

గిట్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 వెర్షను నుంచి, వేరే యూజరుకు చెందిన ఫోల్డరులో పని చేయబోతే గిట్ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెబుతుంది, ఇది మీరు నమ్మే ఫోల్డరే అయితే ఈ ఆదేశం కొట్టండి అని పూర్తి ఆదేశాన్నీ రాసి చూపిస్తుంది. ల్యాబులో పెన్‌డ్రైవు తెచ్చుకునేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. పాస్‌వర్డు విషయంలో కూడా ఇదే పద్ధతిలో, 'గిట్‌హబ్‌కు ఫలానా పేరుతో ఈ కంప్యూటరులో నిల్వ ఉన్న టోకెన్‌ను సర్వరు ఒప్పుకోలేదు. దాన్ని తీసేశాం. మళ్లీ ప్రయత్నిస్తే కొత్తది అడుగుతాం' అని రాయవచ్చు. ఏది చెల్లలేదు, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి అన్నవి మూడూ అందులో ఉన్నాయి.

సాయం చేయబోయి దొంగకు దారి చూపకూడదు. 'పేరు సరైనదే, పాస్‌వర్డు మాత్రం తప్పు' అని చెబితే, ఆ పేరుతో ఒక ఖాతా ఉందని బయటివాడికి తెలిసిపోతుంది. సందేశంలో టోకెన్‌ను పూర్తిగా అచ్చు వేయకూడదు, పక్కవాడు చూస్తాడు, ఫొటో తీసి వాట్సప్ గ్రూపులో పెడతాడు. పేరు చూపించండి, రహస్యం చూపించవద్దు. కూర్చున్న మనిషి కంప్యూటరులోనే ఉన్న సంగతులను అతనికి ఎంత వివరంగా చెప్పినా నష్టం లేదు. సర్వరు మాత్రం పొదుపుగా మాట్లాడాలి. గిట్‌హబ్ 404 అనడంలోని తెలివి అదే.

హెచ్చరికలన్నీ దాటేయదగినవి కావు అన్నదీ ఇక్కడే చెప్పాలి. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఎస్.ఎస్.హెచ్. తాళాలలో ఒకటైన ఆర్.ఎస్.ఎ. తాళాన్ని మార్చింది. దాని రహస్య భాగం కాసేపు అందరికీ కనిపించే ఖాతాలో పడిపోవడమే కారణం. ఆ రోజు ఎస్.ఎస్.హెచ్.తో పనిచేసే చాలామందికి సర్వరు గుర్తింపు మారిందంటూ పెద్ద అక్షరాల హెచ్చరిక వచ్చింది. అది ఈసారి నిజంగా గిట్‌హబ్ పనే. ఇంకోసారి మధ్యలో దూరిన మోసగాడి పని కావచ్చు. అలాంటప్పుడు గిట్‌హబ్ ప్రకటించిన కొత్త తాళపు గుర్తుతో అక్షరం అక్షరం పోల్చి చూశాకనే పాతదాన్ని తీసేయాలి. ఎవరో చెప్పారని తీసేయకూడదు.

తల్లిదండ్రులకు

మీ అమ్మాయి గాని అబ్బాయి గాని రాత్రి పదింటికి కంప్యూటరు ముందు కూర్చుని 'నాకు రావట్లేదు' అంటే, గిట్ నేర్చుకోనక్కరలేకుండా మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. తెర మీద ఉన్నది పైనుంచి కింది దాకా గట్టిగా చదివి వినిపించమనండి. చదివాక, 'ఎవరి పేరు ఉంది అందులో?' అని అడగండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు విషయంలోనూ ఇదే అడగండి. డబ్బు పడలేదంటే దరఖాస్తు తిరస్కరించారా, లేక ఆధార్‌తో జోడించిన బ్యాంకు ఖాతా పాతదా? రెండూ వేరు, వెళ్లవలసిన కౌంటరు కూడా వేరు. ఇంకొక మనవి. 'మా వాడికి రావట్లేదు, మీ పాస్‌వర్డు ఇవ్వండి' అని స్నేహితుల పిల్లలను అడగవద్దు, మీ పిల్లలను ఇవ్వనివ్వవద్దు.

అభ్యాసం

నలుగురు కలిసి చేసే ప్రైవేటు ప్రాజెక్టు ఒకటుంది. నిన్న ఇంట్లో మీ ల్యాప్‌టాపులో పుష్ అయింది. ఈ రోజు ల్యాబు కంప్యూటరులో అదే చిరునామాతో క్లోన్ చేయబోతే 'రిపాజిటరీ నాట్ ఫౌండ్' అంది. చిరునామాను మూడుసార్లు సరిచూసుకున్నారు, తప్పు లేదు. గిట్ మిమ్మల్ని పేరు గాని పాస్‌వర్డు గాని అడగలేదు. ఇక్కడ ముందుగా ఏది తెరిచి చూస్తారు, ఎందుకు? 'అడగలేదు' అన్న మాట దగ్గర నుంచి ఆలోచించండి.